మొదటి గడి

జనవరి. మా దీవిలో ఎండాకాలమంటే
వాన కాస్త వెచ్చగా పడటం.
పార్గువా నుంచి చకావోకి ఆఖరి ట్రిప్పు:
మూడు చేపల లారీలు, ఒక పెళ్ళి బస్సు,
ఒక ట్రక్కు నిండా తడిసిన గొర్రెలు.
గొలుసు బిగించి చేతులు తుడుచుకుని చూస్తే
డెక్కు దీపం కింద యాస్నా,
నా పాత రెయిన్‌కోటులో,
ఫోనుకి అరచెయ్యి గొడుగు పట్టి.

"రేపు రాత్రికి మూసేస్తారన్నా.
బోలెడు గడులిచ్చారు, నాకు కావలసినవి రెండే.
పైన రాసినదాంట్లో సీటొచ్చిందా,
కిందివన్నీ వాటంతటవే చెరిగిపోతాయి."

ఒకటి వల్దివియా. నది ఒడ్డున.
ఓడలు గీయడం నేర్పుతారు,
ఎంత బరువుకి ఎంత మునగాలో,
ఒరిగినది మళ్ళీ ఎలా లేవాలో.
పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం టీకి చేరొచ్చు.
ఎదిత పిన్ని ఇంట్లో మేడమీద గది ఖాళీ.

రెండోది కొన్సెప్సియోన్.
భూకంపం దేన్ని పడేసిందో, దేన్ని వదిలేసిందో
వీధిలో నిలబడి వేలితో చూపించగల ఊరు.
అక్కడ వంతెనల చదువు.
"వంతెన" దగ్గర మాత్రం దాని గొంతు తగ్గింది.

ఎందుకు తగ్గిందో తెలుసు.
ఎడమ పక్కన మంచులో
సగం లేచిన స్తంభాలు.
అవి చేతులు కలిపిన రోజు
ఈ ఫెర్రీకి పనుండదు, నాకూ ఉండదు.
కాంక్రీటు జానెడు పెరిగినప్పుడల్లా
మాలో ఒకడు ఇంకో పని వెతుక్కుంటున్నాడు.

అమ్మనడిగితే, సాల్మన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి
కొంకర్లు పోయిన వేళ్ళు పొయ్యి దగ్గర కాచుకుంటూ
"ముందు ఖర్చు రాయండి" అంది.
టికెట్ల కాగితం వెనక రాశాం.
కొన్సెప్సియోన్ అంకె పక్కకి పాకి అంచు దాటింది.
స్కాలర్‌షిప్పు తీసేస్తే
అంచు లోపలికొచ్చింది, ఒంగి.

రెండూ చూసొచ్చింది తను.
వల్దివియాలో పొడుగాటి నీళ్ళ తొట్టి,
అందులో బొమ్మంత ఓడని అలల మీద నడిపించారట.
"బాగుంది" అంది.
కొన్సెప్సియోన్‌లో ఒక యంత్రం
కాంక్రీటు దిమ్మని నొక్కి పగలగొట్టిందట.
అందరూ వెనక్కి జరిగారట,
ఇది మాత్రం ముందుకి ఒంగింది
పగులు ఎక్కడ మొదలైందో చూడ్డానికి.
అది చెప్పేటప్పుడు వాన సంగతి మర్చిపోయింది.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు.
నా ఉద్యోగమే అది:
ఒక కాలు ర్యాంపు మీద, ఒక కాలు ఓడ మీద.
"మధ్యలో సందు పెరుగుతుంటే
ఏ కాలెత్తాలా అని ఆలోచించినవాడు
నీళ్ళలో పడతాడే" అన్నాను.
అబద్ధం. పదకొండేళ్ళుగా
ఆలోచించే ఎత్తుతున్నాను.

ఫోను ఇటు తిప్పింది.
మొదటి గడిలో వల్దివియా.
నాకు నచ్చని రంగు చొక్కా కొనిచ్చి
వేసుకుంటానా లేదా అని చూసే చూపు.

"నేను ఏ బండినీ
ఎందుకు దాటుతున్నావని అడగను" అన్నాను.
"చక్రానికి చెక్కముక్క అడ్డం పెడతాను.
అవతలి ఒడ్డు రాగానే తీసేస్తాను.
తియ్యకపోతే వెనక ఉన్నవాళ్ళు తిడతారు."

నా చేతిలో చెక్కముక్కని చూసింది.
ఏమీ అనలేదు.
గొర్రెలు అరిచాయి, చకావో దీపాలొచ్చాయి,
నేను పనిలో పడ్డాను.

మర్నాడు రాత్రి పంపేసింది.
ఏది పైన పెట్టిందో చెప్పలేదు.
బంగాళాదుంప రొట్టె చేత్తో తుంచుకుంటూ
ఉన్నట్టుండి అడిగింది:
"పౌర్ణమినాడు జలసంధి నడిమధ్యలో
నీళ్ళు ఎంత వేగంతో లాగుతాయన్నా?"

లోపలికెళ్ళి నా నోటుబుక్కు తెచ్చిచ్చాను,
ఆటుపోట్లు రాసుకునేది, చెమ్మకి ఉబ్బినది.
ఆ లెక్క ఓడ గీసేవాళ్ళకి కావాలి.
స్తంభం దించేవాళ్ళకీ కావాలి.

దీపం దగ్గరికి జరిగి
మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది.